సముద్రం సరిగ్గా కుదరలేదు

ఎవరు ఏ బొమ్మ చూపించినా లుంగ్ విచియన్‌ది ఒకటే మాట: "సముద్రం సరిగ్గా కుదరలేదు." ఆ బొమ్మలో సముద్రం ఉండి తీరాలన్న పట్టింపు మాత్రం ఆయనకు లేదు.

థాయ్‌లాండ్‌లోని సోంగ్‌ఖ్లా తీరంలో, తాతలనాటి మా హోటల్‌కి ఆయన మేనేజరు, నేను వంటవాణ్ణి. లుంగ్ అంటే పెదనాన్న. యజమానులు కూడా ఆయన్ని అలాగే పిలుస్తారు. వానాకాలంలో అతిథులు రారు కాబట్టి, ఖాళీ గదుల్లో కళాకారుల్ని ఉంచి, తిండి పెట్టి, పని చేసుకోనిస్తారు. పని పూర్తయిందని లుంగ్ ఒప్పుకుంటే వాళ్లు బయల్దేరాలి. ఆయన ఒక పట్టాన ఒప్పుకోడు.

ఒకాయన పిల్లి బొమ్మ వేశాడు.

"సముద్రం కుదరలేదు."

"ఇది పిల్లండీ."

"పిల్లికి నేను వంక పెట్టలేదే. ఇంకొన్నాళ్లు ఉండి చూడండి."

కుండలు చేసే ఆవిడ, "కుండలో సముద్రం ఎందుకుంటుంది?" అని నిలదీసింది. "నేనూ అదే అడుగుతున్నా, ఎందుకు లేదు?" అన్నాడు.

నేను పులుసు రుచి చూసి, "ఉప్పు సరిపోయింది, సముద్రమే తగ్గింది" అంటే అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు. నవ్వి, వాన కురుస్తున్న వరండాలోకి పోయి, చదరంగం పరుచుకుని రెండు వైపులా తనే ఆడేవాడు. అయినా ఎక్కువగా ఓడిపోయేవాడు. భార్య పోయినప్పట్నుంచీ ఆయన ఇల్లూ వాకిలీ ఆ హోటలే.

ఆ ఏడు థనిత్ అనే కుర్రాడొచ్చి ఉత్త కుర్చీ బొమ్మ వేశాడు. లుంగ్ చూసీ చూడకుండానే, "బ్రహ్మాండం. సాయంత్రం బస్సుంది, ఎక్కెయ్" అన్నాడు.

నేను నోరు తెరిచాను. "అందులో చుక్క నీళ్లయినా లేవు కదా లుంగ్?"

"వాళ్లావిడకి నెలలు నిండాయి. వాడికి ఇక్కడ సముద్రంతో ఏం పని?"

అప్పుడు వెలిగింది నాకు. పిల్లి బొమ్మాయన్ని అన్నదమ్ములు ఇంట్లోంచి గెంటేశారు. కుండలావిడ ఊరు వరదలో ఉంది.

ఆ ఏడే సంగ్వాన్ గారని ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయాక అద్దిల్లు ఖాళీ చేసి, ఉన్నదంతా రెండు పెట్టెల్లో సర్దుకుని వచ్చింది. ఎవరితోనూ మాట్లాడేది కాదు, వరండా చివర కూర్చుని గీసుకునేది. వానలు తగ్గి, అతిథులొచ్చే రోజులు దగ్గరపడ్డాక బొమ్మ తెచ్చి చూపించింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సముద్రమే. చూస్తుంటే కాళ్లు తడుస్తాయేమో అనిపించింది.

లుంగ్ పని అయిపోయింది అనుకున్నాను.

"పూర్తయింది. వెళ్లొస్తానండీ" అందావిడ.

"ఎక్కడికి?"

ఆవిడ వంగి, పక్కనున్న రెండు పెట్టెల పిడులూ పట్టుకుంది.

లుంగ్ కళ్లజోడు తుడుచుకుని బొమ్మని చాలాసేపు చూశాడు. "సముద్రం కుదిరింది" అన్నాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇసుకే బొత్తిగా కుదరలేదు."

"ఇసుక వెయ్యలేదు కదండీ."

"మరి అదే లోపం. ఇసుక వెయ్యడంలో చెయ్యి తిరగాలంటే ఏళ్లు పడుతుంది. వెనక సామాన్ల గది ఖాళీ చేయించి సున్నం వేయించాను. కిటికీ తెరిస్తే అంతా ఇసుకే."

సంగ్వాన్ గారు ఆయన ముఖంలోకి చూసింది. వచ్చాక మొదటిసారి నవ్వింది.

"మీకు బొమ్మల గురించి ఏమైనా తెలుసా?"

"ఏమీ తెలీదు. భోంచేశారా?"

"లేదు."

"నేనూ లేదు" అన్నాడు లుంగ్, పెట్టెలు అందుకుంటూ.