మగ్గం ముందు పంచశీల

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఆదెప్ప బౌద్ధం పుచ్చుకుని పదేళ్లయింది. రోజూ పొద్దున మగ్గం గుంతలో కాళ్లు దించే ముందు పంచశీల చెప్పుకుంటాడు: ప్రాణం తీయను, దొంగిలించను, తప్పుడు నడత నడవను, అబద్ధమాడను, తాగను. పట్టుపురుగుల సంగతి విన్నాడే గానీ, విన్నది కళ్ల ముందు ఉండదు గదా.

మొన్న దారం కోసం తానే హిందూపురం పోయాడు. అక్కడ పురుగులు లోపల ఉండగానే గూళ్లను మరిగే నీళ్లలో పోసి దారం తీస్తున్నారు. చాలాసేపు నిలబడి చూశాడు. దారం కొనుక్కునే వచ్చాడు.

మర్నాడు నాలుగే చెప్పి మగ్గంలో కూర్చున్నాడు.

"ఏమయ్యా, మొదటిది మర్చిపోతివే?" అంది భార్య నాగమణి.

"మర్చిపోలేదు," అన్నాడు ఆదెప్ప, పోగు సరిచేస్తూ. "అది చెప్పుకుంటా ఈ పని చేస్తే, అబద్ధమాడననేది యాడ నిలుస్తాది?"