దాహం మీద నేను చేసిన ప్రసంగం

బి.ఏ. చదివిన ఆడది, ఆరు నెలల బిడ్డకు పాలిస్తున్న తల్లి, నెల్లూరు సముద్రపుటొడ్డున మండుటెండల్లో ఎవరూ చెప్పకుండానే నీళ్లు తాగడం మానేస్తే ఏమవుతుంది? ఈ సందేహం మీకెప్పుడూ రాకపోతే మీరు బుద్ధిమంతులు. నాకు వచ్చింది. దాన్ని తీర్చుకోబోయి చర్చి సంఘం మొత్తం ముందు పరువు పోగొట్టుకున్నాను. పాపకు ఇప్పుడు మూడేళ్లు. నిద్రలో రెండుసార్లు దగ్గింది, మళ్లీ దగ్గేలోపల ఇది చెప్పేస్తాను.

మా ఆయన బడిపంతులు. అత్తవారి ఊరు సముద్రానికి అరమైలు. బావుల్లో నీళ్లన్నీ ఉప్పు. తాగడానికి కావాలంటే తెల్లవారకముందే వెళ్లి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని ముంతతో తోడి కుండ నింపుకోవాలి. మా ఇంట్లో ఆ పని అత్తయ్యది. నాకు ఇచ్చేది కాదు. "నువ్వు తోడితే నీళ్లకంటే ఇసకే ఎక్కువొస్తాది" అనేది.

పెళ్లికి ముందు మద్రాసు హాస్టల్లో నేను ప్రార్థనకు మోకరిస్తే కళ్లు చెమర్చేవి. పాప పుట్టాక మోకరిస్తే కునుకు వచ్చేది. "ప్రభువా" అనగానే పాపకు ఒళ్లు వెచ్చబడిందేమోనని అనుమానం. లేచి చూసి వచ్చేసరికి ఏం అడగబోయానో మరిచిపోయేదాన్ని. ఆరు నెలల్లో పూర్తయిన ప్రార్థన ఒక్కటీ లేదు. లోపలంతా ఎండిపోయినట్టుండేది. ఈ ఈస్టరుకైనా దేవుడు నావైపు చూడకపోతే, ఇక పేరుకే క్రైస్తవురాలిగా మిగిలిపోతానని గట్టి భయం పట్టుకుంది.

మంచి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మా గుడిలో ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఎవరికి ఏ మాటో పాస్టరుగారు రెండు వారాల ముందే పంచిపెడతారు. ఐదోది ఆయన దాహమని చెప్పిన మాట. అది నాకు కావాలని నోరు తెరిచి అడిగాను.

"చిన్న మాటమ్మా అది. పది నిమిషాలు చాలు" అన్నారు పాస్టరుగారు.

"చిన్నదే గాని చాలా లోతుంది అయ్యగారూ" అన్నాను పండితురాలిలాగా.

పదహారు పేజీలు రాశాను. అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. దాహం గురించి చెప్పే మనిషికి దాహమంటే తెలియాలి కదా అనిపించింది. గురువారం సాయంత్రం గుడిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకున్న దగ్గర్నుంచి ఈస్టరు తెల్లవారే దాకా చుక్క నీరు ముట్టనని మొక్కుకున్నాను. అత్తయ్యకు చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. ఉపవాసం గుట్టుగా చేస్తేనే ఫలం అని నా లెక్క. ఆ ఫలం ఎవరి నోట పడుతుందో మాత్రం ఆలోచించలేదు.

శుక్రవారం పొద్దున్నుంచీ పాప ఒకటే ఏడుపు.

"బిడ్డ ఎందుకట్టా ఏడస్తా ఉండాది?" అంది అత్తయ్య.

"కడుపునొప్పి అనుకుంటా అత్తయ్యా. గ్రైప్ వాటర్ పట్టాను."

"ఎన్నితూర్లు?"

"మూడు."

"పాలు తాగిందా?"

"కాసేపు లాగుతుంది, వదిలేసి ఏడుస్తుంది. అరగలేదేమో."

అత్తయ్య కుండలోకి తొంగి చూసింది. "నిన్న పొద్దున తెచ్చిన నీళ్లు గదా ఇయ్యి. సగం గూడా తగ్గలా. ఇంట్లో ఎవురూ తాగలేదా మే?"

"మీ అబ్బాయి బళ్లో తాగి వస్తున్నట్టున్నారు" అన్నాను. ఆ రోజు బడికి సెలవు. మంచి శుక్రవారం పూట అబద్ధం, అదీ అతకని అబద్ధం. నా ఉపవాసం ఎంత పవిత్రంగా సాగుతోందో చూశారు కదా.

గుడిలో మొదటి మూడు మాటలూ వేళకే అయిపోయాయి. నాలుగో మాటకు రిటైర్డ్ హెడ్మాస్టరు దేవసహాయంగారు లేచారు. ముప్ఫై ఏళ్లు భూగోళం చెప్పిన మనిషి. ప్రసంగ వేదిక మీద ఆయన కోసం ఒక ఇత్తడి గ్లాసునిండా నీళ్లు పెట్టారు.

"యెరూషలేములో వర్షపాతం స్వల్పం" అన్నారు. ఒక గుక్క తాగారు.

"అచ్చటి కొండలు సున్నపురాతివి." మరో గుక్క.

పదిహేను నిమిషాలు మాట్లాడాల్సిన మనిషి యాభై నిమిషాలైనా మృత సముద్రం దాటలేదు. ప్రసంగం మీద నా మనసు లేదు. గ్లాసులో ఎంత మిగిలిందన్నదే నా ధ్యానం. ఆయన తాగినప్పుడల్లా గొంతులో ఆ ఎముక పైకీ కిందికీ ఆడుతుంటే నాకు ఏడుపొచ్చింది. గుడిలో వెనక వరసలో అత్తయ్య ఒళ్లో పాప నాకంటే గట్టిగా ఏడుస్తోంది.

ఎట్టకేలకు ఆయన కూర్చున్నారు. నేను వెళ్లి పదహారు పేజీలూ పరిచాను. "ప్రియమైన సంఘమా" అందామని నోరు తెరిచాను. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. గొంతులోంచి తలుపు కిర్రుమన్నట్టు ఏదో చప్పుడు వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ కిర్రు. అప్పుడు నా చెయ్యి, నన్ను అడగకుండానే, దేవసహాయంగారి ఎంగిలి గ్లాసు అందుకుంది. గటగటా ఆఖరి చుక్క దాకా తాగేశాను.

ఖాళీ గ్లాసు మళ్లీ వేదిక మీద పెట్టాను.

ముందు వరసలో ఒక పెద్దాయన కళ్లు మూసుకుని "స్తోత్రం" అన్నాడు. వెనక ఇంకెవరో "స్తోత్రం" అన్నారు. అదంతా ప్రసంగంలో భాగమనుకున్నారు పాపం. అక్కడే తల వంచుకుని దిగిపోయి ఉంటే, ఆ చుట్టుపక్కల నాకంటే గొప్ప ప్రసంగీకురాలు లేదని పేరొచ్చేది. కానీ పాపను చంకనేసుకుని అత్తయ్య నడిమధ్య దారిలో వచ్చేస్తోంది.

"నిన్నట్నించి నీళ్లు తాగలేదు గదా నువ్వు?"

తల ఊపాను.

"అందుకా బిడ్డకు పాల్లేవు. కడుపునొప్పని మూడుతూర్లు మందు పోసినావే. తల్లి నీళ్లు తాగకపోతే పాలు యాడ్నించి వస్తాయని బి.ఏ.లో చెప్పలేదా?"

"అమ్మా, ఆరాధన జరుగుతోంది" అన్నారు పాస్టరుగారు మెల్లగా.

"ఉండయ్యా, నేనూ ఐదో మాటే చెప్తా ఉండా." మళ్లీ నావైపు తిరిగింది. "నాకు చదువు రాదు. నలబై ఏండ్లుగా ఈ మాట ఇంటా ఉండా. దేవుడి కొడుకంతటోడు దాహమైతే దాహంగా ఉండాదని అందరి ముందరా చెప్పినాడు. దాచుకోలా. నువ్వు ఆయనకంటే పెద్దదానివా?"

నా పదహారు పేజీల్లో ఆ ముక్క ఎక్కడా లేదు. పాపను తీసుకుని వెళ్లి కూర్చున్నాను. ఐదో మాట మీద నా ప్రసంగం అంతటితో సమాప్తం.

ఆ సాయంత్రం నుంచీ అత్తయ్య ఎదురుగా కూర్చుని ముంతలకు ముంతలు తాగించింది. మధ్యలో అంబలి. నేను నీళ్లు తాగుతుంటే మా ఆయన పక్కన నిలబడి "ఇంకా వర్షపాతం స్వల్పమేనా?" అనేవారు. శనివారం మధ్యాహ్నానికి పాప కడుపునిండా తాగి నిద్రపోయింది. ఊపిరి తీస్తోందా లేదా అని ఆరుసార్లు చూశాను.

ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా సముద్రపుటొడ్డున చేరి పాటలు పాడుతోంది. ముందు వరసలో నిలబడి పాడాలని నా ఆశ. సరిగ్గా అప్పుడే పాపకు ఆకలి. ఇసుకలోకి లాగిన ఒక పడవ చాటున కూర్చుని పాలిచ్చాను. సూర్యుడు రావడం నేను చూడలేదు, పాస్టరుగారి ప్రసంగం వినలేదు. పాప గుటకలు వింటూ, "ప్రభువా, నాకు నువ్వు కావాలి. అడగడానికి సిగ్గుపడి ఏదేదో చేశాను" అన్నాను. అంతే. కునుకు రాలేదు, అనుమానం రాలేదు. పడవకు అవతల "ఆయన లేచినాడు" అని అందరూ అరుస్తుంటే, ఇవతల నేను తడిసిన నేలలాగా నిండుగా, చల్లగా కూర్చున్నాను. ఆ మాట నాకోసమే చెబుతున్నారనిపించింది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు జాలిపడి, "వచ్చే ఏడు ఏ మాట ఇమ్మంటావమ్మా?" అన్నారు.

నాకంటే ముందు అత్తయ్య అందుకుంది. "అంతా అయిపోయిందనే ఆరో మాట ఉండాది చూడండి, అదియ్యండయ్యా. ఆ ముక్క చెప్పేసి వచ్చి కూచుంటాది."

దేవసహాయంగారు కూడా నవ్వారు.

కాబట్టి బి.ఏ. పాసైన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. దేవుణ్ణి మెప్పించడానికి ఇక ఈ జన్మలో దాహాన్ని దాచుకోను. నీళ్లు కావాలంటే అత్తయ్యను అడుగుతాను. తక్కినవన్నీ దేవుణ్ణే అడుగుతాను. ఇద్దరిలో ఆయనే తక్కువ కసురుకుంటాడు.