ఉత్తగా వచ్చిన సున్నం బస్తా

సున్నం బస్తా కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కోరుట్లలో మా ఇంటి గోడలకు రంగులే వేయిస్తాను, సున్నాన్ని గడప తొక్కనివ్వను. పాన్ డబ్బా దగ్గర సున్నం అడిగేవాళ్లను కూడా గుర్రుగా చూస్తానని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేయనీ. ఆయన మా గుట్టను చూసినవాడు కాదు.

మా ఊరు గొల్లపల్లి అవతల. ఊరికీ గుట్టకూ మధ్య వాగు. అవతలి ఒడ్డున గుట్ట, అదంతా రక్షిత అడవి. ఇవతలి ఒడ్డున, అడవి హద్దుకు బయట, మా బాపు కల్లు గీసే పదకొండు తాటిచెట్లు. మా తాత ఎక్కిన చెట్లే బాపూ ఎక్కాడు. మా ఐదుగురి తిండీ వాటి మీదనే. గుట్ట కింద అడవి శాఖ వాళ్లు పాతిన హద్దురాళ్లు వరసగా ఉండేవి. అవ్వ ఆ రాళ్లు దాటి ఎండుకట్టెలు ఏరుకొస్తే ఫారెస్టు గార్డు గొడ్డలి గుంజుకునేవాడు. "అడవిల పుల్ల ఇరిస్తె కేసయితది" అని బెదిరించేవాడు. పుల్ల విరిస్తే కేసు, గుట్టను విరిస్తే సలాం. ఆ సలాం కొట్టింది కూడా ఆ గార్డే.

గుట్ట తోక కొంచెం అడవి బయటికి ఉండేది. అక్కడ సున్నపురాయి తీసుకోవడానికి ఒక కాంట్రాక్టరుకు పర్మిషన్ దొరికింది. తోక పట్టుకున్నవాడు ఊరుకుంటాడా, నడుం దాకా వచ్చాడు. రెండేళ్లలో వాగు నీళ్లు కుడితి రంగుకు తిరిగాయి. గుట్ట కింది చెలిమె ఎండింది. తునికాకులు తెల్లబడితే ఆకు కొనే కల్లేదారు కట్టలు మా ముఖానే విసిరికొట్టాడు. క్వారీలో మొదటి తూటా పేలిన రోజు లేచిపోయిన నెమళ్లు మళ్లీ రాలేదు. కాంట్రాక్టరు పెట్టిన బట్టీల సున్నం దుమ్ము చెట్ల మీది కల్లు లొట్లలో పడేది. సున్నం పడితే కల్లు పులవదు. తాగేవాళ్లు "ఇది కల్లా, బెల్లం పానకమా?" అని బాపునే తిట్టారు. కాంట్రాక్టరును తిట్టే దమ్ము ఎవరికీ లేదు.

ఒకరోజు పొద్దున బాపు చెట్టు మీది నుంచి చూశాడు. నలుగురు మనుషులు గడ్డపారలతో హద్దురాళ్లు పెకిలించి లారీలో వేస్తున్నారు. దిగి, చెట్టెక్కే మోకు భుజాన ఉండగానే పోయి గార్డుకు చెప్పాడు. గార్డు పగలబడి నవ్వాడు.

"పొద్దుగాల్నే ఎంత తాగినవ్‌రా? రాళ్లకు కాళ్లచ్చినయా?"

అవి అడవిలో అన్నలు తిరిగే రోజులు. బాపు వాళ్లకూ చెప్పాడు. వాళ్లు కాంట్రాక్టరును పిలిపించి మందలించారు, నెల రోజులు క్వారీ బందయింది. తరువాత లోపల ఏం మాట్లాడుకున్నారో, లారీలు మళ్లీ కదిలాయి, ఈసారి వాటికి ఎవరూ అడ్డం పోలేదు. పోలీసులు మాత్రం బాపును పట్టుకుపోయారు. "చెట్టెక్కినోనికి అన్ని కనవడ్తయి, ఎవలెవలచ్చిన్రో చెప్పు" అని సున్నంలోకి ఎముక లేకుండా కొట్టారు. గార్డుకూ, అన్నలకూ, పోలీసులకూ మధ్య తేడా చెప్పమంటే నేను చెప్పలేను. నాకు ముగ్గురి మీదా ఒకటే కోపం.

ఆ ఏడు కాటమయ్య పండుగకు వారం ముందు కాంట్రాక్టరు మనిషి మా అరుగు మీద సున్నం బస్తా దించాడు. తాళ్లెక్కేవాళ్లం ఏటా ఆ పండుగకు మా చెట్ల మొదళ్లకు సున్నం, ఎర్ర జాజు పూసి మొక్కుతాం. ఎప్పుడూ చారెడు సున్నం కొని చెట్టుకొక బొట్టు పెట్టేవాళ్లం.

"మా సేటు పంపిండు. గీ సారి పెద్ద పట్టీలు ఏసుకోండ్రి, దూరంకెల్లి కనవడాలె" అని చెప్పి పోయాడు.

బాపు మీసం మీద చేయి వేశాడు. "భయపడ్డడు బిడ్డా. మన నోరు మూయవెట్టాలని పంపిండు. సున్నం తీస్కుందాం, నోరు మాత్రం మూసుకోం."

నేను ఆ ఏడు జగిత్యాలలో ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్నాను. చేసే పని లేదు, చేతులు ఊరుకోవు. దారం పట్టి కొలుచుకుంటూ, పదకొండు చెట్లకూ ఛాతీ ఎత్తున ఒకటే వెడల్పు పట్టీలు వేశాను. బాపు వెనక్కి నడిచి నడిచి చూశాడు. "ఎంత సక్కగ ఏసినవ్ బిడ్డా!" అన్నాడు. ఇంటరు తప్పినప్పటి నుంచి ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

పండుగ అయిన మూడో రోజు సర్వేవాళ్లు గొలుసులు పట్టుకొని నేరుగా ఆ పట్టీల దగ్గరికే వచ్చారు. అడవి శాఖ హద్దు చెట్లకు వేసేవీ అలాంటి తెల్ల పట్టీలేనట. కొత్త హద్దు గుట్టను బయట వదిలేసి, వాగు దాటి, మా చెట్లున్న ఒడ్డంతా లోపల చుట్టుకొని పోయింది. కాగితం మీద అడవి జానెడు కూడా తగ్గలేదు. మరునాడు గార్డు చెట్టు మొదట్లోనే బాపును ఆపాడు. "ఇది అడవి చెట్టు. ఎక్కితె కేసు."

బాపూ నేనూ జగిత్యాలలోని అడవి శాఖ ఆఫీసుకు పోయాం. ఆఫీసరు తల ఎత్తకుండా అడిగాడు. "చెట్లు మీవే అయితే వాటికి హద్దు పట్టీలు ఎవరు వేశారు?"

బాపు నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "నేనే ఏసిన సార్. కాటమయ్యకు ఏసిన." నిజం చెబితే గెలుస్తామనుకున్న వయసు. ఆయన దాన్ని కాగితం మీద రాయించాడు. నేను రెండుసార్లు చదివాను. "ఈ పదకొండు చెట్లకూ నా చేతులతో సున్నం పట్టీలు వేశాను" అని ఉంది, కాటమయ్య పేరు లేదు. ఉన్నమాటే కదా అని సంతకం పెట్టాను.

నెల తరువాత నోటీసు వచ్చింది. బాపుకు నేనే చదివి వినిపించాను. కొత్త హద్దును ఊరివాళ్లే సున్నంతో గుర్తించి, సంతకం పెట్టి ఒప్పుకున్నారట. నా పేరు తప్పు లేకుండా రాశారు.

బాపు మోకు అటకెక్కించాడు. ఎవరో సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టే పని ఉందంటే సంచి సర్దుకున్నాడు. బస్సు ఎక్కించడానికి నేనూ వెంట నడిచాను. దారి చెట్ల పక్కనుంచే. అక్కడ ఆగాను. వాగులో నీళ్లు తెచ్చి, కొబ్బరి పీచుతో మొదటి చెట్టు పట్టీని రుద్దాను. సున్నం బెరడు సందుల్లోకి దిగి గట్టిపడింది. అరచేతులు మండాయి గానీ పట్టీ పోలేదు.

బాపు కాసేపు చూసి, సంచి కింద పెట్టి, నా చేతిలోంచి పీచు తీసుకొని వాగులో పారేశాడు.

"పోదు తియ్యి బిడ్డా, మంచిగ ఏసినవ్" అన్నాడు.