బత్తాయంత గురుడు, శనగంత భూమి

"నా గురుడిని పిండినవా నానమ్మా?"

"గురుడేంది? గూట్ల రెండు బత్తాయిలుండె. పిండిన."

"రెండు బత్తాయిలు గాదు. పెద్దది గురుడు, చిన్నది శని."

"శనిని తెచ్చి ఇంట్ల గూట్ల వెట్టుకుంటరా ఎవరన్న? పిండుడే మంచిదయింది."

బడి నుంచి వచ్చి భుజం మీది సంచి కూడా దించకుండా నా మనుమరాలు పెట్టిన పంచాయితీ ఇది. ఏడో తరగతి చదువుతోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ కింద పడనివ్వడం లేదు. ఆ మొండితనం నాదే.

జరిగింది ఏమిటంటే, మధ్యాహ్నం ఎండవేళ కోదాడ నుంచి మా వియ్యపురాలు చెప్పకుండా దిగింది. మా ఇంట్లో కూల్‌డ్రింకులు కొనే అలవాటు లేదు, నేను బతికుండగా రాదు కూడా. గూట్లో కాగితం మీద రెండు బత్తాయిలు కనబడ్డాయి. అడ్డంగా కోసి పిండి, ఉప్పూ చక్కెరా వేసి, నీళ్ళు కలిపి మూడు గ్లాసులు చేశాను. వియ్యపురాలు తాగి, మీ వైపు బత్తాయికి ఉన్న రుచి మా వైపు లేదమ్మా అని మెచ్చుకుని మూడింటి బస్సుకు వెళ్ళిపోయింది.

ఆ సంగతి విన్నాక గానీ పిల్ల సంచి దించలేదు. "అయితే శనిని మా అమ్మమ్మ తాగిందా?" అంది.

వంటింట్లోంచి కోడలు వచ్చింది. కోదాడ పిల్ల కాబట్టి కోపం వచ్చినా మర్యాద తప్పదు. "ఒక్కమాట అడిగి తీయొచ్చు కదండీ అత్తయ్యా. వారం నుంచి దాచుకుంటోంది" అంది. నా ఇంట్లో పండు తీయడానికి నేను ఎవరిని అడగాలని నేను అన్నాను. అన్నాను గానీ, ఆ కాగితం మీద బత్తాయిలొక్కటే లేవని నాకు అప్పటికే గుర్తుకొచ్చింది. రెండు శనగలు, ఒక పెసరగింజ, ఒక సజ్జగింజ, రెండు ఉసిరికాయలు కూడా ఉన్నాయి. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గింజ ఎక్కడ ఒంటరిగా కనబడినా అది దాని డబ్బాలోకి పోవాలి. శనగలు శనగల్లో, పెసర పెసర్లలో, సజ్జ సజ్జల్లో వేశాను. ఉసిరికాయలను ఉప్పునీళ్ళ జాడీలో వేశాను. అంటే పిల్ల వారం పాటు ఏర్చి కూర్చిన గ్రహాలన్నిటినీ ఒక్క పూటలో సర్దేశాను.

అవి ఎందుకో అప్పుడు చెప్పింది. తెల్లవారితే బడిలో ఒక్కొక్కరు లేచి ఒక సంగతి చెప్పాలి. బాగా చెప్పినవాళ్ళను సూర్యాపేటలో జరిగే సైన్స్ మేళాకు పంపిస్తారు. పోయిన ఏడాది కూడా ఇట్లాగే లేచి నిలబడిందట. వానలు ఎట్లా పడతాయో చెప్పాలి. రెండు ముక్కలు చెప్పి మాట ఆగిపోయి వచ్చి కూర్చుంది. ఆ తరువాత చాలా రోజులు తోటి పిల్లలు దాన్ని చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఇంట్లో వాగుడుకాయ అది. అయితే ఒకటి నేను గమనించాను. బియ్యం ఏరుతూనో చిక్కుడుకాయలు తుంచుతూనో అయితే పాఠాలన్నీ గడగడా అప్పజెబుతుంది. చేతులు ఖాళీగా ఉంటే నోరు మూసుకుపోతుంది. చేతిలో ఏదో ఒకటి ఉండాలి. దాని చేతిలో ఉండాల్సినవి నేను డబ్బాల్లో వేశాను.

తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు. అందుకని ఎదురు తిరిగాను.

"నేను మూడో తరగతే చదివిన. అయినా నవగ్రహాల పేర్లు నోటికొస్తయి. నీకు గింజలెందుకు?"

"నవ గావు నానమ్మా, ఎనిమిదే."

"గుడిల తొమ్మిదున్నయి. తొమ్మిది సుట్లు తిరుగుతున్న నేను."

"సూర్యుడు నక్షత్రం. చంద్రుడు మన సుట్టు తిరిగేటోడు. రాహుకేతువులు అసలు వస్తువులే గావు. ఇగ ఐదు మిగిలినయి. యురేనస్, నెప్ట్యూన్ కలిపితే ఏడు."

"ఏడేనాయె. ఎనిమిదోది ఏది?"

పిల్ల కాలితో నేల మీద కొట్టింది. "ఇది."

ఇన్నేళ్ళూ తొమ్మిది విగ్రహాల చుట్టూ తిరిగాను, నా కాలి కింద ఉన్నదాన్ని లెక్కలో వేసుకోలేదు. డాబా మీదికి వెళ్ళాను.

నేను బత్తాయి తొక్కలు పారేయను. ఎండబెట్టి సున్నిపిండిలో కలుపుతాను. నాలుగు చిప్పలూ చేట మీద ఉన్నాయి, ఇంకా ఎండి బిగుసుకోలేదు. దబ్బనం, గోనెసంచి దారం తెచ్చి, రెండు పెద్ద చిప్పల్లో వరి ఊక కూరి, అంచులు కలిపి కుట్టాను. గురుడు మళ్ళీ గుండ్రంగా అయ్యాడు, నడుముకు కుట్టుతో. పిల్ల చూసి నవ్వింది. గురుడికి నిజంగానే అడ్డచారలు ఉంటాయట. ఒక ఎర్రటి సుడిగాలి మచ్చ కూడా ఉంటుందట, అది ఎప్పటినుంచో తిరుగుతూనే ఉందట, మన భూమి మొత్తం అందులో మునిగిపోతుందట. కుంకుమ తెచ్చి శనగగింజ కంటే కొంచెం పెద్ద బొట్టు పెట్టాను. శనిని కూడా కుట్టాను, శనివారం కాదు కదా అని చూసుకుని మరీ. వాడి చుట్టూ వలయాలు కావాలంటే పాత పెళ్ళిపత్రిక ఒకటి గుండ్రంగా కత్తిరించి ఇచ్చాను. నిజం వలయాలు మంచుగడ్డలూ రాళ్ళూ అట. అన్నిటికంటే అందమైనవాడు శనేనట. ఆ మాట నమ్మడానికి నాకు రెండు రోజులు పట్టింది.

డబ్బాల్లోంచి మళ్ళీ గింజలు తీసుకుంది. ఏ శనగ అయితేనేం, మూడు కిలోల భూములు ఉన్నాయి ఇంట్లో. ఉసిరికాయలను జాడీలోంచి తీసి కడిగి తుడిచాం. ఇక సూర్యుడు మిగిలాడు. బత్తాయిలు పది పక్కపక్కన పెడితే ఎంత వెడల్పో సూర్యుడు అంత ఉండాలని వాళ్ళ సారు కాగితం మీద రాసిచ్చాడు. నేను గడ్డి మోసే గంప సరిగ్గా అంతే ఉంటుంది. దులిపి బోర్లించాను.

ఆ కాగితంలోనే దూరాలు మీటర్లలో ఉన్నాయి. పిల్లకు అంకెలు నోటికి వచ్చు గానీ ఎంత దూరమో కళ్ళకు కట్టడం లేదట. బడిలోని చార్టులో అన్నీ తోరణానికి గుచ్చినట్టు పక్కపక్కనే ఉంటాయట. పొద్దు ఇంకా గుంకలేదు. పదమన్నాను. నాట్ల కూలీల ముఠాకు పెద్దగా చాలా ఏళ్ళు చేశాను. మడి గుత్తకు ఒప్పుకునే ముందు గట్టు మీద అంగలు వేసి కొలిచేదాన్ని. నా అంగలు మూడు అయితే రెండు మీటర్లు, ఇప్పటికీ తేడా రాదు.

గంపను గడపలో పెట్టి బయలుదేరాం. బుధుడు సజ్జగింజ, పక్కింటివాళ్ళ నల్లా దగ్గరికే వచ్చాడు. వాడికి ఏడాది అంటే మన ఎనభై ఎనిమిది రోజులట. నాటు వేసి కోత కోసేలోపు వాడికి ఒక ఏడాది అయిపోయి రెండోది నడుస్తుంది. శుక్రుడు శనగ, కరెంటు స్తంభం దగ్గర. శుక్రుడంటే మన వేగుచుక్కేనని పిల్ల చెప్పింది. నాట్ల రోజుల్లో అది పొడిచిందంటే నేను లేచి ముఠాను లేపేదాన్ని, ఇన్నాళ్ళూ చుక్క అనుకున్నాను. సూర్యుడికి బుధుడే దగ్గరైనా శుక్రుడే ఎక్కువ వేడట, పైన మబ్బులు కప్పుకుని ఉండటం వల్ల. మూతపెట్టిన కుండ తొందరగా చల్లారదు, అందులో వింత ఏముంది. భూమి ఇంకో శనగ, కిరాణా కొట్టు అరుగు మీద. అంగారకుడు పెసరగింజ, పాలకేంద్రం దగ్గర. అక్కడి నేల తుప్పుపట్టి ఎర్రగా ఉంటుందట. మా ఎర్రచెల్క నేలలాగా అన్నమాట.

అక్కడిదాకా నాలుగూ ఊళ్ళోనే అయిపోయాయి. అయిదోవాడు గురుడు. నడిచాం, నడిచాం, ఊరు దాటి కాలువకట్ట ఎక్కాక గానీ వాడి చోటు రాలేదు. పిల్ల వెనక్కి తిరిగి చూసి, మధ్యలో ఇంత ఖాళీనా అంది. కాగితం చూసి, గురుడు ఒక చుట్టు తిరగడానికి దాదాపు పన్నెండేళ్ళు అంది. అది నాకు కొత్త కాదు. గురుడు కన్యారాశిలోకి వస్తేనే కృష్ణ పుష్కరాలు. నేను నాలుగు పుష్కరాలకు వాడపల్లిలో మునిగాను. నాలుగుసార్లు చుట్టి వచ్చాడన్నమాట నేను చూస్తుండగా. పిల్ల నా ముఖం చూసింది.

శని చోటు తూము దగ్గర. అక్కడి నుంచి చూస్తే మా ఇల్లే కనబడలేదు, ఇక గంప ఎక్కడిది.

"వీనికి ఎన్నేండ్లో నువ్వు చెప్పకు, నేను చెప్త" అన్నాను. "ఒక్కో ఇంట్ల రెండున్నరేండ్లుంటడు. ఇండ్లు పన్నెండు."

పిల్ల వేళ్ళ మీద లెక్కవేసింది. "ముప్పై." కాగితం చూసింది. "ఇరవై తొమ్మిదిన్నర." మళ్ళీ కాగితం చూసింది. "ఎట్ల దెలుసు నానమ్మా?"

"నీ సారు కంటె ముందుగాల సూసినోళ్ళున్నరు" అన్నాను. ఆ రోజు నేను గెలిచింది ఆ ఒక్కచోటే.

యురేనస్ రోడ్డు పక్క రైస్‌మిల్లు దాకా పోవాలి. అది పక్కకు ఒరిగి, బిందె దొర్లినట్టు దొర్లుకుంటూ పోతుందట. నెప్ట్యూన్ అయితే దాదాపు పక్కూరి పొలిమేర. నూట అరవై అయిదేళ్ళకు ఒక చుట్టు. అక్కడ పుట్టినవాళ్ళకు మొదటి పుట్టినరోజు చేసే బాధ లేదు, కేకు ఖర్చు మిగిలింది అన్నాను. పొద్దు గుంకుతోంది, మోకాళ్ళు వద్దంటున్నాయి, ఆ రెండు ఉసిరికాయలనూ చేత్తోనే అటు చూపించి వెనక్కి తిరిగాం. దారిలో ఒక్కొక్కటి ఏరుకుంటూ వచ్చాం. కిరాణా కొట్టు అరుగు మీద భూమి లేదు. అరుగు కింద కోడి ఒకటి ముక్కు తుడుచుకుంటోంది.

ఇంటికి వచ్చాక పిల్ల తల్లికి చెబుతోంది, నేను గోడ పక్క నుంచి వింటున్నాను. రేపు మళ్ళీ మాట ఆగిపోతే ఏం చేయాలో తెలియడం లేదని. కోడలు ఏం చెప్పిందో వినబడలేదు. నేను గంపను ఇంకోసారి దులిపాను.

తెల్లవారి గంప నెత్తిన పెట్టుకుని పిల్లతో బడికి వెళ్ళాను. తరగతిలో చోటు చాలదని పిల్ల సారును అడిగి అందరినీ బయటికి తీసుకొచ్చింది. జెండా కర్ర దగ్గర గంప బోర్లించి నేను పక్కన నిలబడ్డాను. అది అంగలు లెక్కపెడుతూ బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడి దాకా చెప్పింది. గేటు దాటి రోడ్డు మీద గురుడి దగ్గరికి వచ్చేసరికి మాట ఆగింది. ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గంపను అక్కడే వదిలి నేనూ పిల్లల వెనకే నడిచి వచ్చాను. పిల్ల బత్తాయిని చేతిలో తిప్పింది. కుట్టు మీద బొటనవేలు ఆనించింది.

"ఇది ఒక్క సుట్టు తిరిగొస్తే మనకు కృష్ణ పుష్కరాలొస్తయి. మా నానమ్మ నాలుగు సుట్లు సూసింది" అంది.

ఆ తరువాత శని, యురేనస్, నెప్ట్యూన్ ఆగకుండా చెప్పేసింది. సూర్యాపేటకు వెళ్ళేవాళ్ళ కాగితంలో సారు దాని పేరు రాశాడు. నేను గంప ఎత్తుకుని ఇంటికి వచ్చి, వియ్యపురాలికి ఫోన్ చేసి, మేళా రోజుకు రెండు బత్తాయిలు తెమ్మని చెప్పాను. ఒకటి పెద్దది, ఒకటి కొంచెం చిన్నది.