ఫిలింనగర్ ఎత్తులో రెండు పాత కార్లు

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి మోతీనగర్‌లో షేర్ ఆటో ఎక్కాను. నేను సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్‌ని. షూటింగ్ ఉన్న రోజుల్లో పొద్దున ఆరింటికల్లా అక్కడ ఉండాలి. క్యాబ్‌ల పుణ్యమా అని రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారైతే వేరేవాళ్లను పెట్టుకుంటామని మేనేజర్ ముఖం మీదే చెప్పేశాడు. అందుకే ఈ కారు వేట. చిక్కల్లా ఏమిటంటే, రెండేళ్ల కిందట ఫిలింనగర్ ఎత్తులో చెల్లెలి కారు నా చేతిలో వెనక్కి జారి ఒక స్కూటర్‌ను పడగొట్టింది. ఆ రోజు నుంచి నేను స్టీరింగ్ ముట్టలేదు.

ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, తొమ్మిదికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగాను. దారిలో పక్క సీటావిడ నా కారు వేట సంగతి విని, "పాత కారు కొంటే మెకానిక్‌ను దత్తత తీసుకున్నట్టేనండీ" అని నవ్వింది. నేను ముందే తీసుకున్నాను. టోలిచౌకి నుంచి వచ్చిన మెకానిక్ ఖాజా భాయ్ స్టేషన్ మెట్ల దగ్గరే ఉన్నాడు. ఇడ్లీ తిని ఆటోలో ఫిలింనగర్ వెళ్లాం.

సత్యం గారు షూటింగులకు కార్లు అద్దెకిస్తారు. అమ్మకానికి రెండు పెట్టారు. తెర మీద బూడిదరంగు డీజిల్ కారు విలన్ మనుషులది, తెల్ల పెట్రోలు కారు హీరోయిన్ తండ్రిది. మీటర్లలో కిలోమీటర్లు చూసి, ఇంత తక్కువా అని మురిసిపోయాను.

"మీటర్ చూసి మోసపోకుండ్రి మేడం," అన్నాడు ఖాజా భాయ్. "గీ బండ్లు దూరం పోవు. టేకు టేకుకు ముందుకు, మళ్ల వెనక్కి. క్లచ్ చూడాలె."

క్లచ్‌లు రెండూ కొత్తవి వేయించామన్నారు సత్యం గారు. ఖాజా భాయ్ తొక్కి చూసి ఒప్పుకున్నాడు.

పదిన్నరకు ఖాజా భాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని డీజిల్ కారెక్కాను. స్టీరింగ్ బరువు, గుంతల్లో మాత్రం హాయి. ఎత్తు మధ్యలో ఆపి క్లచ్ వదిలితే యాక్సిలరేటర్ తొక్కకుండానే లాగేసింది.

"గిదే తీస్కోండ్రి. మీరేం చెయ్యక్కర్లే, బండే చేస్తది."

తెల్లకారు మలుపుల్లో చెప్పినట్టు విన్నది కానీ ఎత్తు చూస్తే ఆయాసం. మధ్యలో ఆపి బ్రేకు వదలగానే వెనక్కి జారింది. అద్దంలో ఒక బైకు కనిపించింది. "ప్రభువా!" అని అరిచాను.

"ఫికర్ చెయ్యకుండ్రి. హ్యాండ్‌బ్రేక్ గుంజుండ్రి."

గుంజాను. ఆగింది. క్లచ్ కొద్దిగా వదిలి, కారు ముందుకు లాగుతోందనిపించాక హ్యాండ్‌బ్రేక్ దించాను. ముక్కుతూ మూలుగుతూ ఎక్కేసింది. తిరిగొచ్చి ఇంకో మూడుసార్లు ఎక్కించాను. సంతోషంతో కళ్ల నీళ్లొచ్చాయి.

తెల్లదే కావాలని నేననేసరికి సత్యం గారు ఆశ్చర్యపోయారు. "డీజిల్ అసలు జారలేదు కదండీ?"

"జారలేదండీ. అందుకే అందులో నా భయం కూడా కదల్లేదు."

కాగితాలు రాసుకుని పన్నెండున్నరకు బయల్దేరాం. చెక్‌పోస్టు దగ్గర ఖాజా భాయ్ దిగిపోయాడు. యూసుఫ్‌గూడ దాటాక ఎత్తులో ట్రాఫిక్ ఆగింది. వెనకే బస్సు, పక్క సీటు ఖాళీ. చెయ్యి తనంతట తానే హ్యాండ్‌బ్రేక్ గుంజింది, వేళకు దించింది. ఒంటిగంటన్నరకు మోతీనగర్‌లో ఇంటి ముందు ఆపాను. దిగబుద్ధి కాలేదు. బోరబండ దాకా ఇంకో చుట్టు వెళ్లొచ్చాను.