పద్నాలుగో లోపం

ఖల్ఫాన్ అబద్ధమాడడు. అంతవరకే అయితే నిజ్వా ఊళ్లో ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. అడగని నిజాలు కూడా ఆయన అంకెలు వేసి మరీ చెబుతాడు.

పాత ఖంజర్లు, అంటే మగవాళ్లు పండక్కీ పెళ్లికీ నడుముకు కట్టుకునే వంపు కత్తులు, ఫోనులోని ఒక గుంపులో అమ్మడం ఆయన వ్యాపారం. ఆ గుంపులో మిగతావాళ్లు "అద్దంలా ఉంది, ఒక్క గీత లేదు" అని రాసి సాయంత్రానికల్లా అమ్మేసుకుంటారు. ఖల్ఫాన్ మాత్రం కళ్లజోడు మీద భూతద్దం కూడా పెట్టుకుని, ఒంటివేలితో ఇలా కొడతాడు: "లోపం ఒకటి: అలుగు మీద ఆవగింజంత తుప్పు. లోపం రెండు: ఒర మీద వెండి నల్లబడింది. తోమాను. మళ్లీ నల్లబడుతుంది. లోపం మూడు: దీంతో చిరుతపులిని చంపారని పాత యజమాని చెప్పాడు. నేను నమ్మలేదు. దీనికి పుచ్చకాయ కూడా తెగదు."

"ఈయన కత్తి అమ్ముతున్నాడా, కత్తి మీద చాడీలు చెబుతున్నాడా?" అని గుంపులో ఒకాయన అడిగాడు.

"రెండూ" అని జవాబిచ్చాడు ఖల్ఫాన్.

ఈ జబ్బు కత్తులతో ఆగితే అన్న కొడుకు హిలాల్ అంత బాధపడేవాడు కాదు. శుక్రవారం మేకల సంతకి ఆయన్ని తీసుకెళ్లడమే మానేశాడు. అక్కడ ఎవరి మేకనో ఎవరో బేరమాడుతుంటే ఈయన మధ్యలో దూరి, "కుడి చెవి వినపడదు, చూసుకో" అన్నాడట. అమ్మేవాడు కర్ర తీసుకుని వెంటపడ్డాడు. పరిగెడుతూ కూడా ఈయన వెనక్కి తిరిగి, "ఎడమది బాగానే ఉంది!" అని అరిచాడు.

అసలు ఘనకార్యం హిలాల్‌కి సంబంధం మాట్లాడటానికి వెళ్లిన రోజు జరిగింది. గిన్నెల్లో కహ్వా కాఫీ, పళ్లెంలో ఖర్జూరాలు వచ్చాయి. పిల్ల తండ్రి ముహన్నా మర్యాదగా, "మీ అబ్బాయి గురించి చెప్పండి" అన్నాడు.

ఖల్ఫాన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇరవై ఆరేళ్ల సరుకు. ఎడమ చెవి కుడిదాని కన్నా కాస్త పెద్దది. గురక పెడతాడు, పక్కకి తిప్పితే ఆగుతుంది. కోపం త్వరగా వేడెక్కుతుంది, త్వరగానే చల్లారుతుంది. పళ్లు మాత్రం అన్నీ అసలువే, ఒక్కటీ మార్చలేదు."

"చిన్నాన్నా!" అన్నాడు హిలాల్, చేతిలోని గిన్నె ఒలకబోసుకుంటూ.

"చేతులు కొంచెం వణుకుతాయి. ఇది ఇప్పుడే తెలిసింది" అన్నాడు ఖల్ఫాన్.

ముహన్నా కడుపు పట్టుకుని నవ్వాడు. ఇంత చెప్పేవాడి దగ్గర దాచిపెట్టింది ఏముంటుందిలే అని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.

పెళ్లి ఇరవై రోజులుందనగా హిలాల్ ఒక పాత ఖంజర్ తెచ్చి చిన్నాన్న ముందు పెట్టాడు. తండ్రి జహ్రాన్‌ది. ఆయన పోయినప్పుడు హిలాల్‌కి ఆరేళ్లు.

"దీన్ని అమ్మిపెట్టు. మెరిసేది కొత్తది కొనుక్కుంటా. ఇది కట్టుకుంటే పెళ్లికొడుకులా ఉండను, పాతసామాన్లవాడిలా ఉంటా. స్నేహితులు ఇప్పటికే ఏడిపిస్తున్నారు."

ఖల్ఫాన్ దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "నిజంగా అమ్మేస్తావురా?"

"అమ్మేస్తా. నీకు దండం పెడతా చిన్నాన్నా, ఈ ఒక్కదానికి లోపాలు తక్కువ రాయి."

"ఉన్నది రాస్తా" అన్నాడు ఆయన.

మర్నాడు గుంపులో చూస్తే బారెడు రాశాడు. బెల్టు జరీ ఊడింది, ఒరకున్న ఉంగరాల్లో ఒకటి తర్వాత వేయించింది, ఒర చివర సొట్ట పడింది... నాలుగో లోపం దాకా చదివి హిలాల్ ఫోను దిండు మీదికి విసిరేశాడు. వారం గడిచినా ఒక్కడు ధర అడగలేదు. పెళ్లి రోజు దగ్గర పడుతోంది, కొత్త ఖంజర్‌కి బయానా ఇవ్వాలి, హిలాల్‌కి చిన్నాన్న మీద పీకలదాకా కోపం వచ్చింది.

ఎనిమిదో రోజు మస్కట్ నుంచి బద్ర్ అనే ఆయన కారేసుకుని వచ్చాడు. పాత ఖంజర్లు సేకరించడమే ఆయన పిచ్చి. ధర మీద పేచీ పెట్టలేదు. నోట్లు తీసి ఖర్జూరాల పళ్లెం పక్కన పెట్టాడు. హిలాల్‌కి ప్రాణం లేచి వచ్చింది.

"పద్నాలుగో లోపం గురించి ఒక్క మాట అడుగుతాను నాయనా. అమ్మేవాణ్ణి అడిగాకే డబ్బివ్వమని అందులో రాసి ఉంది" అన్నాడు బద్ర్.

"పద్నాలుగా?" అన్నాడు హిలాల్. ఫోను తీశాడు. వేలితో కిందికి, ఇంకా కిందికి జరిపాడు.

"లోపం పద్నాలుగు: చందనం పిడి మీద, లోపలి వైపు, నాలుగు చిన్న గాట్లు. పాలపళ్లవి. కొరికినవాడు ఇప్పుడు దీన్ని అమ్ముతున్నవాడే. పళ్లు వచ్చేటప్పుడు తండ్రి ఒళ్లో కూర్చుని ఇదే కొరికేవాడు. సాన పట్టి పోగొడతానని కంసాలి అంటే జహ్రాన్ ఒప్పుకోలేదు. పండక్కి కట్టుకున్నప్పుడల్లా కనబడ్డవాడికల్లా చూపించేవాడు. అమ్మేవాడికి ఈ సంగతి గుర్తుండదు. కాబట్టి డబ్బిచ్చే ముందు అతన్ని మరొక్కసారి అడగవలెను."

హిలాల్ పిడి తిప్పి చూశాడు. గాట్లు ఉన్నాయి. బొటనవేలితో తడిమాడు. నోట్లను మెల్లిగా బద్ర్ వైపు జరిపాడు.

"నేనైనా దీన్ని అమ్మను" అని బద్ర్ నవ్వి, ఇంకో గిన్నె కహ్వా తాగి, ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

"ముందే నోటితో చెప్పొచ్చుగా చిన్నాన్నా?"

"కత్తి నీది. అమ్మొద్దని చెప్పడానికి నేనెవర్ని? ఉన్నది రాశాను. నువ్వు చదవలేదు" అన్నాడు ఖల్ఫాన్. ఒంటివేలితో గుంపులో ఇంకో వరుస చేర్చాడు: "ఇది అమ్మకానికి లేదు. లోపాలన్నీ అలాగే ఉన్నాయి."

పెళ్లినాడు హిలాల్ ఆ ఖంజర్ కట్టుకునే వచ్చాడు. స్నేహితులు ఒకరిని చూసి ఒకరు నవ్వారు. కౌగిలించుకోబోయిన మామగారు ముహన్నా పిడి లోపలి వైపు చెయ్యి తగిలి ఆగి, "ఈ గాట్లేమిటి అల్లుడూ?" అన్నాడు.

ఖల్ఫాన్ గొంతు సవరించుకున్నాడు. ఈసారి హిలాల్ ఆయనకి అవకాశం ఇవ్వలేదు.

"నేనే కొరికాను మామగారూ, చిన్నప్పుడు."

ముహన్నా గాట్లను దగ్గరగా చూసి, అల్లుడి నోటి వైపు చూసి తల ఊపాడు. "పళ్లు అసలువేనని మీ చిన్నాన్న ఆ రోజే చెప్పాడు."

"అవి పాలపళ్లు. అవన్నీ ఊడిపోయాయి. ఆ రోజు ఒక్కటీ మార్చలేదని అన్నాను, అది తప్పు" అన్నాడు ఖల్ఫాన్, నిండు పెళ్లిలో చెవులు పట్టుకుని.