ఇంటికి తాళం ఉందని రాశారు

ఆ పొద్దున మండలాఫీసు గేటులోంచి గొర్రెల మంద లోపలికి వచ్చింది. ముందు రెండు పొట్టేళ్ళు, వాటి వెనక మిగతా గుంపంతా ఒకదాన్నొకటి తోసుకుంటూ. అన్నీ నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. ఆవరణలో ఉన్న నీళ్ళ కుండీ వాసన తగిలిందేమో, ఒక్కసారిగా అటు విరగబడ్డాయి. కుండీ అడుగున కొంచెమే నీళ్ళున్నాయి. ముందు చేరిన వాటికి అందాయి. వెనకవి వాటి వీపుల మీదికి ఎక్కాయి. ఒక ముసలి గొర్రె అక్కడిదాకా పోలేక వరండా మెట్ల దగ్గర నీడలో మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగింది.

మంద వెనక దాన్ని తోలుకొచ్చిన మనిషి, భుజాన గొంగడి, చేతిలో కట్టె. ఆయన కూతురూ నేనూ అప్పటికే వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాం. ఆ అమ్మాయి కులం సర్టిఫికెట్ కోసమే వచ్చాం. ఆయన ఇలా వస్తాడని మాకు తెలియదు.

అటెండరు బయటికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూశాడు.

"ఏంది కాకా, వీటన్నిటికి గూడ సర్టిఫికెట్ కావాల్నా?"

లోపల ఎవరో పకాలున నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మేము ఊర్ల ఉంటలేమని రాసిన్రట గద. వచ్చినం. మందంత వచ్చింది. సూస్కోన్రి సారూ."

అమ్మాయి లేచి పోయి తండ్రి చెయ్యి పట్టుకుంది. "గిట్ల జేస్తవా నాయినా? వీటినెందుకు తోలుకొచ్చినవ్?"

"మరేం జెయ్యాలె బిడ్డా? ఇంటికాడ కూసుంటే ఒక్కడు రాకపాయె."

ఎల్లుండి జిల్లా కేంద్రంలో టీచర్ ట్రైనింగ్ సీట్ల కౌన్సెలింగ్. ఆ అమ్మాయికి బీసీ కోటాలో సీటు వచ్చే ర్యాంకు ఉంది. కోటా లేకపోతే రాదు. ఆ ఇంట్లో ఇంటర్ దాకా చదివింది ఆమె ఒక్కతే. సర్టిఫికెట్ మాత్రం ఆ ఆఫీసులోనే ఎక్కడో ఆగిపోయింది.

ఇది తెలంగాణ రావడానికి అయిదారేళ్ళ ముందు సంగతి. నేను సూర్యాపేటలో ఒక దినపత్రికకు విలేకరిగా ఉన్నాను. ఈ కుటుంబం నాకు పత్రిక వల్ల పరిచయమైంది కాదు. కోదాడ దగ్గర సాగర్ కాలవ కింద మాకు కొంత పొలం ఉంది. యాసంగి వరి కోతలయ్యాక ఏటా ఈ మంద మా పొలంలోనే ఆగేది. గొర్రెలు కొయ్యకాళ్ళు మేస్తాయి, రాత్రిళ్ళు పొలంలో పడుకుంటాయి, వాటి పెంట ఎరువవుతుంది. మా నాన్న కాలం నుంచీ ఇదే మంద. ఇదే కుటుంబం.

వాళ్ళది తుంగతుర్తి దిక్కు మెట్ట ఊరు. అక్కడ మాఘం దాటితే బావులు అడుగంటుతాయి. అందుకని కోతల వేళకు మందతో బయలుదేరి ముందు మిర్యాలగూడ వైపు, అక్కణ్ణుంచి కాలవ వెంట కోదాడ వైపు దిగుతారు. తొలకరి పడ్డాక ఊరికి తిరిగిపోతారు. వంట గిన్నెలూ గొంగళ్ళూ వాళ్ళ వెంటే. అమ్మాయి చిన్నప్పుడు తల మీద గంపతో వచ్చేది. గంపలో దారిలో పుట్టిన గొర్రెపిల్లలుండేవి. తర్వాత సూర్యాపేటలో హాస్టల్లో చేరింది. అప్పుడు సర్పంచ్ రాసిచ్చిన కాగితం సరిపోయింది. ఇప్పుడు తహసీల్దార్ సంతకం ఉన్నది కావాలన్నారు.

దరఖాస్తు ఎండాకాలంలో పెట్టింది. ఆ పత్రాలు అడిగేది ఆ కాలంలోనే కదా. విచారణకు వీఆర్వో ఊరికి పోయాడు. ఇంటికి తాళం. పక్క అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటే అడిగాడు. ఆయన ఉన్న మాటే చెప్పాడు: "వాళ్ళు గీడ ఉండరు సారూ, కోదాడ దిక్కు ఉంటరు." ఆ ఊళ్ళో ఆ మాటకు అర్థం మంద ఇంకా దిగువనే ఉందని. వీఆర్వో కొత్తవాడు, పట్నంలో పెరిగినవాడు. ఇంటికి తాళం ఉందనీ, దరఖాస్తుదారు కుటుంబం గ్రామంలో నివాసం లేదనీ, కోదాడ ప్రాంతంలో ఉంటున్నట్టు తెలిసిందనీ రాసేశాడు.

మండలాఫీసులో అమ్మాయికి చెప్పింది ఒకటే మాట. కోదాడలో తీసుకోండి.

తండ్రీ కూతుళ్ళతో నేనూ కోదాడ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడే. కాగితాలన్నీ తిప్పి చూశాడు.

"ఇక్కడ మీకు ఇల్లుందాండీ? రేషన్ కార్డు?"

"లేదు సారూ. పొలాలల్ల ఉంటం."

"పొలంలో మంద కట్టుకుంటే నివాసం అవుద్దా పెద్దాయనా? మీ ఊళ్ళోనే తీసుకోవాలి."

"ఆడ కోదాడోళ్ళంటున్రు. మీరేమో ఆ ఊరోళ్ళంటున్రు. నడిమిట్ల మేమేడ ఉన్నట్టు సారూ?"

పక్క కుర్చీలో ఉన్నాయన ఫైలులోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "దారిలో ఉన్నట్టు."

గుమాస్తా కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. అమ్మాయి కాగితాలు సర్దుకుని కవర్లో పెట్టుకుంది.

తిరిగి వాళ్ళ మండలానికి పోయి తహసీల్దార్‌ను కలిశాను. చెడ్డవాడని చెప్పలేను. టీ తెప్పించాడు. ఆ ఏడాది దొంగ సర్టిఫికెట్ల గొడవ నడుస్తోంది. పక్క మండలంలో ఒక అధికారి సస్పెండయ్యాడు. ఈయన భయం ఈయనది.

"రిపోర్టు గిట్ల ఉండంగ నేనెట్ల సంతకం పెట్టాలె? వాళ్ళందర్ని ఊర్ల ఉండుమనుండ్రి. వీఆర్వోను మల్ల పంపిస్త. రిపోర్టు మారితే ఆ పూటనే ఇస్త."

నాకు అది న్యాయంగానే తోచింది. కోదాడ పోయి ఆ మాట అలాగే వాళ్ళకు చెప్పాను. భార్యాభర్తలు ఒకసారి ఊరికి పోయి, విచారణ అయ్యేదాకా ఉండి వస్తే చాలని నా ఉద్దేశం. ఆయనకు అర్థమైంది వేరు. వాళ్ళలో మనుషులు మధ్యలో పెళ్ళికో చావుకో ఊరికి పోయి వస్తుంటారు. దాన్ని ఊళ్ళో ఉండడం అనరు. మంద దొడ్లోకి చేరిన రోజునే ఆ ఇల్లు ఊళ్ళోకి వచ్చినట్టు. "ఇంటోళ్ళొచ్చిన్రా?" అని ఎవరైనా అడిగితే గొర్రెల గురించే అడుగుతున్నట్టు లెక్క. అధికారి అందరూ ఉండాలన్నాడు. అందరూ అంటే ఆయనకు మంద లేకుండా ఎట్లా అవుతుంది?

నాకు చెప్పకుండానే బయలుదేరాడు. చెప్పాల్సిన విషయమని ఆయన అనుకోలేదు.

మృగశిర దాటినా ఆ ఏడు వాన లేదు. కోదాడ నుంచి సూర్యాపేట దాకా పెద్ద రోడ్డు అంచునే నడిపించాడు. రోడ్డు పక్క కుంటల్లో నీళ్ళు లేవు. హోటళ్ళ దగ్గర బకెట్లు అడుక్కుని ముందు గొర్రెపిల్లలకు తాపారట. ఈనిక మీద ఉన్నవి కొన్ని దారిలోనే ఈని పడిపోయాయి. పిల్లల్ని గంపలో వేసుకుని, తల్లుల్ని అక్కడే వదిలేసి నడిచామని వాళ్ళ అమ్మ తర్వాత చెప్పింది. ఊరికి చేరేసరికి చెరువు నెర్రెలు విచ్చి ఉంది. రైతుల్ని బతిమాలి బోరు దగ్గర పూటకొకసారి తాపించుకున్నారు. ఇంటి తలుపు తెరిచి, గడప ముందు మంచం వేసుకుని ఆయన వీఆర్వో కోసం కూర్చున్నాడు.

వీఆర్వోను రేషన్ కార్డుల సర్వేకు వేశారు. ఆయన రాలేదు.

అందుకే ఆ పొద్దున మంద ఆఫీసుకు వచ్చింది.

తహసీల్దార్ ఆ రోజు మీటింగుకని సూర్యాపేట పోయాడు. డిప్యూటీ బయటికి వచ్చాడు. అప్పటికి గొర్రెలు కుండీలో నీళ్ళు నాకేసి, ఆవరణలో కొత్తగా పెట్టిన మొక్కల మీద పడ్డాయి.

"ఎవనివిరా ఇవి? ఆఫీసనుకున్నవా, బీడనుకున్నవా?"

నేను ముందుకు పోయి సంగతి చెప్పాను. సర్పంచ్ రాసిన ఉత్తరం చూపించాను. వీఆర్వో రిపోర్టు ఉండగా సర్పంచ్ మాట ఎట్లా నిలుస్తదన్నాడు. మనిషి మీ ముందే ఉన్నాడు కదా అన్నాను.

"ఆఫీసుల ఉన్నడు. ఊర్ల ఉన్నట్టు నేనెట్ల రాయాలె? మీరే చెప్పుండ్రి."

అమ్మాయి తల్లి గేటు దగ్గరి నుంచి పరుగున వచ్చింది. మంద చెదరకుండా అప్పటిదాకా ఆమె వెనక కాపు కాస్తోంది. "ఎల్లుండే సారూ. పిల్ల బతుకు సారూ. మీ కాల్మొక్త."

"లేమ్మా, లే. ఇప్పుడు సంతకం పెడితే గొర్లను జూసి భయపడి పెట్టిండ్రంటరు. రేపు ఇంకోడు బర్లను తోలుకొస్తడు."

ఆయన ఆ మాట కోపంగా అనలేదు. అప్పుడే అర్థమైంది నాకు, ఇక ఇవ్వరని. అప్పటిదాకా ఆశ ఉండింది.

కానిస్టేబుల్ వచ్చాడు. ఆయన కూడా ఏదో గొర్రెల ఊరివాడే అయి ఉంటాడు, లాఠీ వాడకుండా నోటితో అదిలిస్తూ మందను గేటు దాటించాడు. మెట్ల దగ్గర పడ్డ గొర్రె చచ్చిపోయింది. దాన్ని తండ్రి మెడ మీద వేసుకుని మోశాడు. అటెండరు వెంటనే మెట్ల మీద నీళ్ళు కొట్టి చీపురుతో కడిగాడు.

ఎవరు కబురు చేశారో ఫొటోగ్రాఫర్లు వచ్చారు. మర్నాడు దాదాపు అన్ని పేపర్లలో ఫొటో. మా పేపర్లో కూడా. కింద నవ్వు పుట్టించే ఒక వాక్యం. అమ్మాయి ర్యాంకు, కౌన్సెలింగ్, కోదాడ సంగతి అన్నీ రాసి పంపాను. జాగా లేక డెస్కులో తీసేశారు. డెస్కు పని నేనూ చేశాను, ఫొటో బాగుంటే అక్షరాలు తగ్గుతాయి. ఆ ఫొటో చూసి పైఅధికారులు తహసీల్దార్‌ను వివరణ అడిగారు. వివరణతో పాటు అమ్మాయి ఫైలు కూడా డివిజన్ ఆఫీసుకు పోయింది. ఆ తర్వాత మండలాఫీసులో ఎవర్ని అడిగినా ఒకటే జవాబు. ఫైలు మా దగ్గర లేదు.

కౌన్సెలింగ్‌కు అమ్మాయి, తల్లి, నేను వెళ్ళాం. తండ్రి రాలేదు, మంద దగ్గర ఉన్నాడు. బల్ల దగ్గరి మేడమ్ ఓపిక మనిషి. సాయంత్రం దాకా చూస్తానంది, ఫ్యాక్స్ వచ్చినా తీసుకుంటానంది. డివిజన్ ఆఫీసుకు ఫోన్ చేస్తూ మధ్యాహ్నమంతా నేను బయట బూత్ దగ్గరే ఉన్నాను. హుజూర్‌నగర్ అమ్మాయి ఒకతె తన సంచి మా దగ్గర పెట్టి పొద్దుటినుంచీ లోపలికీ బయటికీ తిరుగుతోంది. జాబితాలో ఈమె తర్వాత ఆమే. సాయంత్రం సీటు కాగితం పట్టుకుని వచ్చి, సంచి తీసుకుని, తల ఎత్తకుండా వెళ్ళిపోయింది.

సూర్యాపేట బస్సులో తల్లి నన్ను అడిగింది.

"గొర్లు గాసుకునేటోళ్ళం గొల్లోళ్ళమంటే ఎవ్వరు నమ్మకపాయె. ఇంకేం జేస్తే నమ్ముతరన్నా?"

అమ్మాయి కిటికీ వైపు తిరిగి ఉంది. "ఊకో అమ్మా. నమ్మక కాదు. ఇంటికి తాళమున్నది, గంతే."

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చినా బాగా పడ్డాయి. కానీ మంద కోలుకోలేదు. దారిలో పోగా మిగిలిన వాటికి రోగం తగిలింది. మరుసటి ఎండాకాలం మా పొలంలోకి వేరే ఊరి మంద వచ్చింది. వీళ్ళు ఎందుకు రాలేదని మా పాలేరు అడిగాడు.

తర్వాత నాకు మిర్యాలగూడ బదిలీ అయింది. ఒక సాయంత్రం ఒక ప్రైవేటు బడి ముందు, ఆటోలో చిన్నపిల్లల్ని ఎక్కిస్తూ ఆ అమ్మాయి కనిపించింది. అక్కడే కిరాయి గదిలో ఉంటూ ఒకటో తరగతికి చెబుతోంది. ట్రైనింగ్ లేని టీచరు కాబట్టి ఏటా వేసవిలో తీసేసి, బడి తెరిచాక మళ్ళీ పెట్టుకుంటారు.

"మల్ల అప్లై చేసినవా బిడ్డా?" అన్నాను.

"చేసిన సార్. పాతది తేలాలె అంటున్రు."

అప్పటికి దరఖాస్తులు కంప్యూటర్లోకి వచ్చాయి. ఆమె తమ్ముడు పెట్టుకుంటే వారం తిరక్కుండా సర్టిఫికెట్ వచ్చింది. అదే తండ్రి, అదే ఊరు, అదే కులం. వాడి పేరు మీద పాత విచారణ ఏదీ లేదు. ఈమె పేరు మీద ఉంది. తమ్ముడి సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి మళ్ళీ ఇచ్చింది. లాభం లేదు.

కనీసం తిరస్కరించామని ఒక కాగితం ఇస్తే పైఅధికారికి అప్పీలు చేసుకోవచ్చని ఒక వకీలు చెప్పాడు. దానికోసం ఆమె, నేను కలిసి మండలాఫీసుకు వెళ్ళాం. కౌంటరులో కుర్రాడు స్క్రీను చూసి చెప్పాడు.

"రిజెక్ట్ చెయ్యలే గద మేడమ్. ఎంక్వయిరీల ఉన్నది. చెయ్యనిదాన్ని చేసినమని ఎట్ల రాసిస్తరు?"

ఆమె గొడవ పెట్టుకోలేదు. థాంక్స్ చెప్పి వచ్చేసింది.

తెలంగాణ వచ్చిన ఏడాది పని మీద తుంగతుర్తి వైపు పోతూ వాళ్ళ ఊళ్ళో ఆగాను. ఎండాకాలం. దొడ్డి ఖాళీగా ఉంది, దాని చుట్టూ వేసిన కంప కొంత ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. తండ్రి గడప ముందు మంచంలో కూర్చుని ఉన్నాడు. తల్లి కూలి నుంచి వచ్చి నాకు మజ్జిగ ఇచ్చింది. తోలుకుపోవడానికి మంద లేదు గనక ఇప్పుడు ఏడాది పొడుగునా ఊళ్ళోనే ఉంటున్నారు. ఎండాకాలంలో కూడా ఆ ఇంటికి తాళం పడడం లేదు. విచారణకు ఇంకా ఎవరూ రాలేదు.